పనిచేసే వయసు

మా బడిలో వంట చేసే యాదక్కకు ఎన్నేళ్లని ఎవరైనా అడిగితే, ఏ వయసు కావాలని నేను తిరిగి అడగాల్సి వస్తుంది. ఆమె లెక్కలో యాభై నాలుగు. ఆధార్ కార్డు లెక్కలో అరవై నిండాయి. ఈ ఆరేళ్ల తేడాతో జూన్ చివర నుంచి ఆగస్టు దాకా పడిన తిప్పలకు నాకే ఆరేళ్లు మీద పడ్డాయి.

నా పేరు ప్రేమ్‌సాగర్. సొంత ఊరు సిరోంచ. అంకిస దాటాక గోదావరి వైపు పోయే దారిలో ఉన్న చిన్న ఊళ్లో బడిపంతుల్ని. ఏడు తరగతులు, ఇరవై ఒక్క మంది పిల్లలు, ఇద్దరు సార్లం. ఊరు మాట్లాడేది తెలుగు, రాష్ట్రం మరాఠీది గనుక పాఠం చెప్పేది మరాఠీలో. ఈ రెండింటి మధ్య పిల్లలకు అర్థమయ్యేది మాత్రం యాదక్క తిట్లే.

ఆమె చేరింది ఇరవై ఏళ్ల కిందట, భర్త పోయిన ఏడాది. అప్పుడు బడిలో ఎనభై ఆరు మంది పిల్లలట. రెండు పెద్ద గంజుల్లో ఖిచిడీ వండేదట. ఇప్పుడు ఆ గంజులు ఎవరి పెళ్లికైనా అడిగితే తప్ప అటక మీంచి దిగవు. ఊళ్లో పిల్లలు తగ్గిపోతున్నారని పైవాళ్లు కనిపెట్టకముందే బియ్యం కొలిచే డబ్బా ఆమెకు చెప్పేసింది. వడ్డించేటప్పుడు ఆమెకు తరగతుల వరుస పట్టదు. ఎవరి తల్లి మిరప ఏరడానికి నది దాటి పోయిందో, ఎవరు పొద్దున ఖాళీ కడుపుతో వచ్చారో వాళ్ల పళ్లెంలో మొదటి గరిటె పడుతుంది. నేను వరుసలో నిలబెడితే నన్ను కూడా తిడుతుంది.

బడి తెరిచిన వారానికే పైనుంచి కాగితం వచ్చింది. అరవై నిండిన వంటమనుషులను వెంటనే మాన్పించాలి. వాళ్ల స్థానంలో అదే ఊళ్లో ఉండే, పద్దెనిమిది నుంచి యాభై తొమ్మిది లోపు ఆడమనిషిని పెట్టుకోవాలి. వయసుకు కార్డే ఆధారం.

"నాకు అరవై ఎక్కడున్నయ్ సార్?" అంది యాదక్క.

"కార్డుల ఉన్నయ్ గద."

"అది నేను చెప్పిందే."

కార్డులు తీసేవాళ్లు ఊరికి వచ్చినప్పుడు ఆమెకు నలభై. కార్డులో వయసు ఎంత ఎక్కువ ఉంటే ముసలోళ్ల పింఛను అంత తొందరగా వస్తుందని వరుసలో ఎవరో అన్నారట. ఈమె ఒక ఆరేళ్లు కలిపి నలభై ఆరు చెప్పింది. అడిగినవాడు పుట్టినరోజు ఏదంటే తెలియదంది. అతను జనవరి ఒకటి కొట్టేశాడు. అంటే పనిచేసే వయసులోంచి తొందరగా బయటపడదామని తనే గుమ్మం దగ్గరికి జరిగి కూర్చుంది. ఇప్పుడు ఆ గుమ్మంలోంచి నెట్టేస్తుంటే నా దగ్గరికి వచ్చింది.

"పోతే పోనీ యాదక్కా, కొన్నేండ్లైతే పింఛనన్న వస్తది గద, కూసో," అన్నాను విసుగ్గా.

"కూసుని ఏం జేయాలె సార్? బిడ్డను ములచేర్ల ఇచ్చిన. ఇంట్ల నేనొక్కదాన్నే. పొద్దున లేసి పోయెతందుకు మనిషికి ఒక జాగ ఉండాలె."

సరే, కార్డు సరిచేయిద్దామని సెలవు పెట్టి సిరోంచ తీసుకుపోయాను. కార్డులు చూసే నిలేష్ ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. పుట్టినప్పటి కాగితం గానీ బడి కాగితం గానీ కావాలన్నాడు. ఆమె పుట్టింది నాట్లేసే పొలం గట్టు మీద, బడి మొహం చూసింది వంట చేయడానికి. అందుకే నేను మా బడి పాత రిజిస్టరు వెంట తీసుకుపోయాను. ఆమె పుట్టిల్లూ ఈ ఊరే కాబట్టి అందులో ఆమె అన్న శంకరన్న పేరుంది, పుట్టిన ఏడు పంతొమ్మిది వందల అరవై తొమ్మిది. కార్డు ప్రకారం యాదక్క అరవై అయిదులో పుట్టింది. తన కన్నా నాలుగేళ్లు చిన్నవాణ్ని ఈమె యాభై ఏళ్లుగా అన్నా అని పిలుస్తున్నదా అని అడిగాను.

"అన్న వయసైతే తెలిసింది సార్. చెల్లె వయసు కాగితమేది?" అన్నాడు నిలేష్, చాలా మర్యాదగా. మర్యాదగా చెప్పినవాణ్ని తిట్టడానికి కూడా ఉండదు. తిరుగు బస్సులో యాదక్క నాకు శనగలు కొనిపెట్టింది.

ఆ జూలైలోనే జనాభా దినం వచ్చింది. శిక్షణలో ఇచ్చిన పటం ఒకటి గోడకు అంటించి పాఠం చెప్పాను. ఏ దేశంలో ఏ కాలంలో నూటికి ఎంతమంది పనిచేసే వయసులో ఉన్నారో అందులో గీతలు గీసి ఉంది. జపానులో ముప్పై ఏళ్ల కిందట డెబ్బైకి దగ్గర, ముసలివాళ్లు ఎక్కువై ఇప్పుడు అరవై లోపే. దక్షిణ కొరియా గీత మొన్నమొన్నటి దాకా ఎక్కి, ఇప్పుడు దిగుతున్నది. నైజర్‌లో సగం మంది పిల్లలే. మన దేశంలో మా నాయన చిన్నప్పుడు యాభై ఆరో ఏడో, ఇప్పుడు అరవై ఎనిమిది. మనకు ఇంతమంది పనిచేసేవాళ్లు ముందెన్నడూ లేరని పిల్లలకు గర్వంగానే చెప్పాను. కిటికీ దగ్గర యాదక్క వింటున్నది.

"ఎన్నేండ్లోళ్లను లెక్కల పట్టుకున్నరు సార్ ఈ పటంల?"

"పదిహేను నుంచి అరవై నాలుగు."

"మరి కార్డుల గూడ నాకు అరవయ్యే. ఇండ్ల నేనున్నట్టేనా?"

"ఉన్నట్టే."

"దునియల ఉన్న, బడిల లేనా?"

నేను సుద్దముక్క కోసం వెతుక్కున్నాను. ఆమె వదల్లేదు.

"జపానుల ముసలోళ్లే ఎక్కువైన్రంటిరి. ఆడ పనులెవలు చేస్తున్రు?"

"చానమంది ముసలోళ్లే పనికి పోతున్రు."

"వాళ్లకు ఈ కాగితం రాలేదా?"

పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. కాగితం పంపినవాళ్ల మీద మండిందో, గర్వంగా పాఠం చెప్పిన నా మీద మండిందో అప్పుడు తేల్చుకోలేకపోయాను.

కొత్త వంటమనిషి పేరు పంపడానికి గడువు ముంచుకొస్తుంటే ఒక ఆదివారం నోటుపుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. నూట ముప్పై ఇళ్లు. ఒక ఇంట్లో కొడుకూ కోడలూ హైదరాబాదులో కూలికి మేడలు కడుతున్నారు. ఒక ఇంట్లో పిల్ల గడ్చిరోలిలో ఉండి పోలీసు భర్తీకి తెల్లారుజామున పరుగులు పెడుతున్నది. నవత సిరోంచ బట్టల కొట్టుకు పోతుంది, జ్యోత్స్న ఒడిలో నెలల బిడ్డ. ప్రశాంతి మాత్రం ఇంట్లోనే ఉంది. "పొయ్యి కాడ కూసునెతందుకేనా సార్ నన్ను బీఎస్సీ చదువుమన్నరు?" అంది. చదివించమని ఆమె తండ్రి వెంటపడింది నేనే, పుస్తకంలో ఆ పేరు కొట్టేసి పక్కింటికి నడిచాను. ఇళ్లలో కనిపించిన మిగతావాళ్లంతా ముసలివాళ్లు. వాళ్లు ఖాళీగా లేరు. నారుమడి చూస్తున్నారు, మేకలు తోలుతున్నారు, మనవల్ని ఎత్తుకున్నారు. దేశంలో ముందెన్నడూ లేనంతమంది పనిచేసే వయసువాళ్లు ఉన్నారు, నాకు ఖిచిడీ వండడానికి ఒక్క మనిషి దొరకలేదు.

చివరికి ఆ మనిషిని చూపించింది యాదక్కే. తన పక్కింటి ఆగమ్మ. నాకు తెలిసి ఆగమ్మకు డెబ్బై ఉంటాయి, చేతులు వణుకుతాయి.

"ఆమె కార్డు సూడుండ్రి సార్."

చూశాను. యాభై ఏడు. ముసలివాళ్లను మిరప ఏరడానికి తీసుకుపోనని ముఠా మేస్త్రి అంటున్న రోజుల్లో, అదే వరుసలో యాదక్క వెనకే నిలబడి ఆగమ్మ పదమూడేళ్లు తగ్గించి చెప్పిందట. ఎవరికి కావలసిన వయసు వాళ్లు రాయించుకున్నారు.

"అవ్వ పేరు రాయుండ్రి. వండుడు నేను వండుత," అంది యాదక్క.

"దొరికితే నా నౌకరి పోతది."

"మరి పొల్లగాళ్ల బువ్వ?"

రాశాను. ఇంత తిరిగి, ఇంత అరిచి, నేను చేసింది ఆ అబద్ధం కింద సంతకం పెట్టడమే. మర్నాటి నుంచి ఆగమ్మ గోడకు ఆనుకుని చింతపండులో గింజలు తీసేది, యాదక్క వండేది.

ఆగస్టులో తనిఖీకి ఒక సారు వచ్చాడు. కార్డు అడిగాడు, చూశాడు, ఆగమ్మను చూశాడు, మళ్లీ కార్డునే చూసి సరిగ్గా ఉందని రాసుకున్నాడు. పిల్లలతో పాటు కూర్చుని ఖిచిడీ తిని, "ఆజీ, చాలా బాగా వండావు," అని మరాఠీలో మెచ్చుకున్నాడు. యాభై ఏడేళ్లని రాసుకున్న మనిషిని నాయనమ్మా అని పిలిచిన సంగతి ఆయనకు తట్టనే లేదు. ఆగమ్మ తల దించుకుంది. అప్పుడు ఆయన చూపు గరిటె పట్టుకుని నిలబడ్డ యాదక్క మీద పడింది.

"ఈమె ఎవరు?"

యాదక్కే చెప్పింది, తనకొచ్చిన మరాఠీలో, మెల్లగా.

"ఏ పని లేని ముసలిదాన్ని సాబ్. ఇంట్ల పొద్దుపోక ఊకెనే వచ్చిన."

సిగ్గుతో నేను కిటికీ వైపు తిరిగాను. ఆయన తలూపి, పళ్లెం ముందుకు జరిపి, ఇంకో గరిటె వేయమన్నాడు. ఆమె వంగి వేసింది.