ఎడమ ఛానల్‌లో టీచరమ్మ

టీచరమ్మ ఇక లేరన్న కబురు నాకు పటాన్‌చెరులో, మా ఫ్యాక్టరీ స్టోర్‌లో సరుకు సరిచూస్తుండగా అందింది. పొద్దున చాయ్ తాగి, కుర్చీలోనే కన్నుమూశారని నా భార్య ఫోనులో చెప్పింది. ఇస్నాపూర్‌లో మా గోడకు ఆనుకున్న ఇల్లే వారిది. బాధ కలిగిన మాట నిజం. అయితే అంత నిండుగా బతికిన మనిషి పక్కన ఇన్నేళ్లు ఉన్నామన్న తృప్తి ఆ బాధ కంటే పెద్దది. ఈ నాలుగు మాటలు ఆ తృప్తితోనే రాస్తున్నాను.

సర్కారు బడిలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేశాక ఆమె ఒక పని పెట్టుకున్నారు. జిన్నారం వైపు ఊళ్లలోని ముసలివాళ్ల దగ్గర కూర్చుని, ఫ్యాక్టరీలు రాకముందు ఆ చేలల్లో ఏం పండేదో, ఏ బావి నీళ్లు తియ్యగా ఉండేవో అడిగి రికార్డు చేసేవారు. మైకులు, కంప్యూటర్ నా బాధ్యత. నాకు ఎవరూ నేర్పలేదు. తప్పు చేసిన ప్రతిసారీ దాన్ని రాసిపెట్టుకుని నేర్చుకున్నాను. బయలుదేరే ముందు మైకులు, వైర్లు, సెల్లులు అంటూ నేను చిట్టీ చదువుతుంటే ఆమె గడప దగ్గర చెప్పులేసుకుని నిలబడేవారు. "నీ చిట్టీ అయిపోయేదాక ఆ ముసలాయన బతికుండాలె గద బిడ్డా" అనేవారు.

మావి రెండు కాలర్ మైకులు. ఆమె గొంతు ఎడమ ఛానల్‌లోకి, ఎదుటివారిది కుడి ఛానల్‌లోకి పోయేది. ఎవరి గొంతు వారి దారిలో ఉంటే తర్వాత హెచ్చుతగ్గులు సరిచేయడం తేలిక. మొదటి రికార్డింగును అలా స్టీరియోలోనే వాట్సాప్‌లో పంపాం. బొల్లారం కంపెనీ బస్సులో వెళ్లే మా వీధివాళ్లిద్దరు ఒకే ఇయర్‌ఫోన్‌ను చెరొక చెవికి పెట్టుకుని విన్నారు. ఒకరికి ప్రశ్నలే వినిపించాయి, మరొకరికి జవాబులే. అబద్ధమాడుతున్నది నువ్వంటే నువ్వేనని బస్సు దిగేదాకా వాదించుకుని, సాయంత్రం తీర్పు కోసం మా గుమ్మం ముందుకు వచ్చారు. టీచరమ్మ కడుపారా నవ్వి, వాళ్లు వెళ్లాక నాతో అన్నారు: "ఒక్క చెవితోటి వినేటోళ్లకు గూడ మొత్తం ముట్టాలె బిడ్డా." నాటి నుంచి పంపే ప్రతిదాన్నీ మోనో చేశాం. రెండు ఛానళ్లనూ కలిపేస్తే ఏ చెవిలోనైనా ఇద్దరి మాటా ఉంటుంది.

ఒక్క చెవి సంగతి ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆమె భర్తను నేను పెద్దనాయనా అని పిలుస్తాను. కంప్రెసర్ గది హోరులో ఏళ్ల తరబడి పనిచేసి ఆయన ఎడమ చెవి వినికిడి పోగొట్టుకున్నారు. చర్చిలోనైనా, షేర్ ఆటోలోనైనా, ఇంటి ముందు సిమెంటు బెంచీ మీదైనా ఆయన ఎడమ అంచుకు జరిగేవారు. ఆమె వచ్చి కుడిపక్క కూర్చునేవారు. హైవే పక్కన నడిచేటప్పుడు లారీల వైపు తానే ఉండవలసి వచ్చినా ఆమె పక్క మార్చేవారు కాదు.

అంత్యక్రియలు ముగిసిన కొన్నాళ్లకు పెద్దనాయన రికార్డర్ పట్టుకుని వచ్చారు. చివరిసారి ఆమె ఆయన్నే కూర్చోబెట్టి మాట్లాడించారు; ఆ రికార్డింగు అప్పటికింకా నా చేతికి రాలేదు. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఆయన కుడి చెవిలో ఆయన జవాబులే వినిపించాయట.

"నా మాట నాకెందుకు బిడ్డా? ఒక్కకాడ ఆమె ఏదో అడిగింది. నేను 'రాలే, ఎన్నడు రాలే' అంటున్న. ఏం రాలే అన్ననో యాదికొస్తలేదు."

తన జవాబుకు ఆమె నొచ్చుకునే వెళ్లిపోయిందేమోనన్నది ఆయన దిగులు. ఇయర్‌ఫోన్ తిప్పి ఎడమదాన్ని ఆయన కుడి చెవికి పెట్టాను. ఆమె గొంతైతే వచ్చింది. కానీ మైకు కొంగు కింద పడిపోవడంతో ఫ్యాను హోరులో మాట తెలియలేదు.

మోనో చేయడానికి ఒక్క మీట చాలు. నేరుగా నొక్కితే మాత్రం ఆయన గట్టి గొంతు కింద ఆమెది అణగిపోతుంది. అందుకే ముందు ఛానళ్లను విడదీశాను. ఎడమదానిలో హోరు తగ్గించి ఆమె మాటను పెంచాను, కుడిదాన్ని కాస్త దించాను, ఆ తర్వాతే రెంటినీ కలిపాను. ప్రశ్నకు ముందు ఆమె గొంతు సవరించుకున్న చప్పుడును తీసేయడానికి మనసొప్పలేదు.

సాయంత్రం వాళ్ల బెంచీ దగ్గర ఫోనులో వినిపించాను.

"యాడ కూసున్నా ఎడమకు జరిగి నాకు జాగ ఇచ్చినవు. ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న ఇసుగు రాలేదా నీకు?" అని అడిగారు టీచరమ్మ.

"రాలే. ఎన్నడు రాలే" అంది ఆయన గొంతు.

ఆ వెంటనే ఆమె నవ్వు. అది కూడా ఎడమ ఛానల్‌లోనే ఉండిపోయిందని ఆయనకు అప్పటిదాకా తెలియదు.

పెద్దనాయన ఇంకోసారి పెట్టమన్నారు. అంటూనే, అలవాటుగా, బెంచీ ఎడమ అంచుకు జరిగారు. కుడివైపు ఒక మనిషికి సరిపడా చోటు మిగిలింది. ఫోనును అక్కడ పెట్టి, నేను నిలబడే విన్నాను.