జుర్రిన చప్పుడు

నూడుల్స్ సూపు కొట్టు నడిపే పెద్దమ్మకు పొగడ్తలంటే ఒళ్ళుమంట. "మెచ్చుకోలుదేముందే, మొహమాటానికైనా మెచ్చుకుంటారు. జుర్రిన చప్పుడు మాత్రం అబద్ధమాడదు" అని కూతురితో అంటూ, బొగ్గుల మీద మాంసం కాలుస్తూనే బల్లల వైపు ఓ చెవి వేసి ఉంచేది.

ఓ రోజు కూతురు తను పెళ్ళాడతానన్న అబ్బాయిని కొట్టుకు తీసుకొచ్చింది. అతగాడు చెంచాతో పిల్లిలా చప్పుడు లేకుండా తింటూ, "అద్భుతంగా ఉందండీ అత్తయ్యగారూ!" అన్నాడు.

"అప్పుడే అత్తయ్యనట!" అని మూతి తిప్పుకుని పెద్దమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆవిడ అటు వెళ్ళిందో లేదో, అబ్బాయి గిన్నెను రెండు చేతులా ఎత్తి జుర్రాడు. ఆ చప్పుడుకి పక్క బల్లవాళ్ళు ఉలిక్కిపడ్డారు.

వంటింట్లోంచి కేక వినిపించింది. "ఒసేయ్, అల్లుడుగారికి ఇంకో గిన్నెడు పొయ్యవే!"