తవిటయ్య బావ గిటార్‌లో నాలుగో మెట్టు

తవిటయ్య బావ పోయాడన్న కబురు నాకు కళింగపట్నంలో అందింది. అక్కడ భజనకు పిలిస్తే వెళ్ళాను. హార్మోనియం పెట్టె మూత తీస్తుండగా ఫోను మోగింది. మా చెల్లెలు పార్వతి. "అన్నా, మీ బావ టేసన్లో బల్ల మీద కూకున్నోడు కూకున్నట్టే ఒరిగిపోనాడట" అంది. ఆ తరవాత ఏడుపే. నేను తీసిన మూత మళ్ళీ వేసేశాను. అస్తమయం, అశ్రునివాళి, తీరని లోటు వంటి పెద్ద మాటలు నాకు చాలా ఆలస్యంగా వచ్చాయి. అవి చదవడం నేర్పినవాడి గురించే వాటిని రాయవలసి వస్తుందని ఏనాడూ అనుకోలేదు.

ఆ ఉదయం ఆమదాలవలస స్టేషనుకు అతను ఒక్కడే వెళ్ళాడు. భుజాన గుడ్డసంచిలో తను చేసుకున్న బేస్ గిటార్. విజయనగరంలో పాత వాద్యాలు బాగుచేసే మేస్త్రీకి చూపించి వస్తానని ఇంట్లో చెప్పాడు. బండి వచ్చింది, అతను లేవలేదు. "ఎళ్ళవా తాతా, బండొచ్చీసింది" అని టీ అమ్మే ఆయన కేకేస్తే, "తరవాత బండికెళ్తాన్లే" అన్నాడట. తరవాతి బండి వచ్చేసరికి మనిషి లేడు. ఒంట్లో బాగులేక కూర్చుండిపోయాడా, మేస్త్రీ చేత గిటార్ మెడ కోయించడానికి మనసొప్పక ఆ బండిని ఒగ్గేశాడా? దుఃఖంతో పాటు ఈ ప్రశ్న కూడా మా ఇంట్లోకి వచ్చి కూర్చుంది.

మావి వ్యవసాయ కుటుంబాలు. తవిటయ్యకు మాత్రం చిన్ననాటి నుంచి పొలం కన్నా ఉలి మీదే ప్రీతి. వడ్రంగం నేర్చాడు. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో అతని చేతి ద్వారబంధం లేని వీధి తక్కువ. ఒకసారి సంబరాలకు పట్నం నుంచి ఆర్కెస్ట్రా వచ్చింది. అందరూ పాడే అమ్మాయిని చూస్తుంటే ఇతను వేదిక వెనక్కి పోయి, పెద్ద స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. అందులోంచి వస్తున్నది బేస్ గిటార్, పాట కింద గుమ్ముమని మోగే లావు తీగల గిటార్. చెవి కన్నా ముందు పొట్టకు తెలుస్తుంది. "బావా, ఇది మనకి గావాల" అన్నాడు. కొనే స్తోమత లేదు. పనస చెక్కతో ఒళ్ళు చెక్కాడు. ద్వారబంధానికి పోగా మిగిలిన టేకుతో మెడ చేశాడు. పగిలిపోయిన స్పీకర్ల అయస్కాంతాలు బిగించాడు. మొదట్లో కట్టిన తీగలు సైకిలు బ్రేకు వైర్లే. ఊళ్ళో వాళ్ళు నవ్వారు. మంచంకోడుకి తీగలు కట్టాడన్నారు. ఆ శనివారం భజనలో అది మోగాక నవ్వినవాళ్ళే ముందు వరసలోకి జరిగి కూర్చున్నారు.

గిటార్ మెడ మీద ఇత్తడి మెట్లు ఉంటాయి, వీణకు ఉన్నట్టే. ఏ మెట్టు ఎక్కడ రావాలో దానికి కొలతలున్నాయని మాకెవరు చెప్పారు? నేను నా హార్మోనియం మీద ఒక్కొక్క రీడూ నొక్కి పట్టుకునేవాణ్ణి. అతను తీగ కింద మేకు జరుపుకుంటూ వచ్చి, రెండు నాదాలూ కలిసిన చోట పెన్సిలు గీత పెట్టేవాడు. అలా నా పెట్టెలోని స్వరాలన్నీ అతని కర్ర మీదికి ఎక్కాయి. నా పెట్టెలో ఒక రీడు కొంచెం దిగిపోయి ఉంది. ఆ దిగుడు కూడా ఎక్కింది. అదే నాలుగో మెట్టు. మా రెండు వాద్యాలూ కలిసి తప్పేవి కాబట్టి ఏళ్ళ తరబడి అది తప్పని ఎవరికీ తెలియలేదు. మా భజనలోకి కీబోర్డు వచ్చాక బయటపడింది. మెట్టు జరపమని నేను, ముందు రీడు బాగుచేయించమని అతను.

"నీ రీడు పైకి రానీ బావా, నా మెట్టు అదే జరుగుతాది" అనేవాడు. పట్టు విడవడం ఇద్దరికీ చేతకాదు. ఆఖరికి అతనే ఉపాయం కనిపెట్టాడు. నా హార్మోనియంతో వాయించేటప్పుడు ఊరికే నొక్కేవాడు. కీబోర్డుతో అయితే నాలుగో మెట్టు దగ్గర తీగను వేలితో కాస్త పక్కకు లాగేవాడు. లాగితే స్వరం పైకి లేచి సరిపడేది. కూతురు గౌరికి నేర్పినప్పుడూ అలాగే నేర్పాడు. "తప్పు కర్రలో ఉన్నాది. ఏలికి తెలిస్తే సాలు" అన్నది అతని మాట. ఎవరినీ నోరారా మెచ్చుకున్న పాపాన పోలేదు. ఆ గిటార్‌నే పట్టుకుని కూతురు ఆర్కెస్ట్రాలో చేరిన రోజున కూడా, గోళ్ళు తీసుకోమని మాత్రం చెప్పాడు.

నాకు యాభై దాటాక అక్షరాలు వచ్చాయి. అవీ తవిటయ్య పెట్టినవే. భజన పాట ఒక్కటి కూడా చూసి పాడలేనని నేను సిగ్గుపడుతుంటే, మధ్యాహ్నం పని ఆపిన వేళ తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకునేవాడు. చెక్క మీద వడ్రంగి పెన్సిలుతో అక్షరం రాసి దిద్దించేవాడు. నాలుగు సార్లు దిద్దగానే చిత్రిక పట్టేసేవాడు. అక్షరం పొట్టులో కలిసిపోయేది. "ఏటి బావా అది, ఇంకా రానేదు" అని నేను కసురుకుంటే, "సెరిపేసినా ఉండిపోయిందే సదువు" అనేవాడు. ఖాళీ చెక్క చూపించి, రాయమనేవాడు. నేను రాసేదాకా టీ తాగనిచ్చేవాడు కాదు.

స్టేషను నుంచి మనిషితో పాటు గిటార్ కూడా ఇంటికి వచ్చింది. దాన్ని సంచిలోంచి తీసి, అతను రోజూ ఆనించే గోడకే ఆనించారు. పెద్దకర్మ అయ్యేదాకా పోయినవాడి పనిముట్టు ఎవరూ ముట్టుకోరు, అది మా ఇళ్ళ పద్ధతి. తీగలు బిగించే ఉన్నాయి. అప్పటికే ఆ టేకు మెడ విల్లులా వంగుతోంది. దాని గురించే అతను విజయనగరం బయలుదేరింది. ఎండ తిరిగి గోడ కాలిపోతోంది. గౌరి పొద్దునా సాయంత్రం గుమ్మంలో నిలబడి, తీగకూ మెడకూ మధ్య సందు ఎంత పెరిగిందో చూసేది. నేను వెళ్ళినప్పుడల్లా అదే మాట.

"మావా, ఇరిగిపోతాదేమో సూడు."

ఇరగదులే అనేవాణ్ణి. నాకు మాత్రం ఏం తెలుసు? పరామర్శకు వచ్చినవాళ్ళు మంచినీళ్ళు పుచ్చుకుంటూ మాట్లాడుతుంటే నా చెవి ఆ మూలనే ఉండేది, ఎప్పుడు ఫెళ్ళుమంటుందోనని.

పెద్దకర్మ అయిన మధ్యాహ్నం గౌరి ముందుగా తీగలు వదులు చేసింది. అప్పుడు చూశాం. నాలుగో మెట్టు పక్కన, అసలు మెట్టు ఉండవలసిన చోట, సన్నని పెన్సిలు గీత. అతని చేతి గీతే. గౌరికి ప్రాణం లేచి వచ్చినట్టయింది. నాన్నే గీశాడు కాబట్టి మార్పించమన్నట్టేనని ఆమె వాదన. ఆర్కెస్ట్రా వాళ్ళు ఇప్పటికే రెండు సార్లు చెప్పారు, ఆ వంకర గిటార్‌తో అయితే వేరేవాళ్ళను చూసుకుంటామని. వంగిన మెడ మీద తీగ లాగి లాగి ఆమె వేలు చీరుకుపోయేది. కంపెనీ గిటార్ కొనుక్కోవే అంటే, ఒళ్ళు నాన్న చేసింది కాకపోతే నేను వాయించనని కూర్చుంది.

పార్వతి ఒప్పుకోలేదు. "గీసినాడు. కోసినాడేటి? ఆయన సేతిలో రంపం లేకనా?" అంది.

కోయదలచుకోని చోట గీత పెట్టే మనిషి కాదు తవిటయ్య. గీత పెట్టిన చోట కోయకుండా ఒగ్గేసే మనిషీ కాదు. తల్లీ కూతుళ్ళు ఇద్దరూ నా వైపు తిరిగారు. ఆ మెట్లు నా పెట్టెలోంచి వచ్చినవి కాబట్టి మాట నాదేనట. వద్దంటే పిల్ల చోటు పోతుంది. మార్చమంటే, నేనూ తవిటయ్యా ఎండలో కూర్చుని వెతుక్కున్న స్వరాలన్నీ ఒక్క రోజులో పొట్టయిపోతాయి. నా హార్మోనియం కూడా ఆ గిటార్‌తో మళ్ళీ ఎన్నడూ కలవదు. ఆ గీతనే చూస్తుంటే, అక్షరం చెరిపేసి అతను చూపించే ఖాళీ చెక్క గుర్తొచ్చింది.

"ఒలే గౌరీ, మార్పించీ" అన్నాను. పార్వతి లోపలికి వెళ్ళిపోయింది.

విజయనగరం మేస్త్రీ వేలితో తట్టి చూసి, పనస ఒళ్ళు బంగారంలా ఉందన్నాడు. లోపల ఇనప కడ్డీ పెట్టి కొత్త మెడ వేశాడు, మెట్లన్నీ కొలత ప్రకారం కూర్చాడు. పాత మెడను గౌరి పాత పంచెలో చుట్టి తెచ్చి తల్లికి ఇచ్చింది. అది ఇప్పుడు పార్వతి మంచం తలాపున ఉంది.

సంస్మరణ సభలో గౌరి ఆ గిటార్ పట్టుకుని కీబోర్డు పక్కన కూర్చుంది. తవిటయ్యకు ఇష్టమైన భజన ఎత్తుకున్నారు. తీగ తేలిగ్గా పలుకుతోంది, గుమ్ము మునుపటిదే. నాకు ఊపిరాడింది. అంతలో నాలుగో మెట్టు వచ్చింది. గౌరి వేలు తీగను పక్కకు లాగింది. మెట్టు ఇప్పుడు సరైన చోటే ఉంది కదా, స్వరం పైకి పోయింది. కీబోర్డు అతను తల తిప్పి చూశాడు. వెనక వరసలో పార్వతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రతి చరణంలోనూ అక్కడికి వచ్చేసరికి అంతే. దిగి వచ్చాక, "అలవాటు మావా, పోతాదిలే" అంది గౌరి.

పోవాలి. పోకపోతే ఆర్కెస్ట్రాలో ఆమెకు చోటుండదు. పోవాలనే నేనూ దండం పెడుతున్నాను. అయినా ఆమె వాయిస్తుంటే పాట నా చెవికి ఎక్కడం లేదు, ఆ మెట్టు ఎప్పుడొస్తుందా అని బిగుసుకుని కూర్చుంటున్నాను. ఇలాంటి చేతులు ఈ ప్రాంతంలో మళ్ళీ పుడతాయన్న నమ్మకం నాకు లేదు. నాకు అక్షరభిక్ష పెట్టిన ఆ చేతులకు ఈ నాలుగు ముక్కలే నా నమస్కారం. నిన్న సాయంత్రం వాళ్ళ ఇంటికి వెళ్ళాను. గౌరి లోపల సాధన చేస్తోంది. గుమ్మం బయటే నిలబడి విన్నాను. ఇంకా లాగుతోంది.