నేను వచ్చింది బాబాయి కోటాలో

ఇది మహాకావ్యం. ఆరేళ్లుగా గుండెల మీద మోస్తున్న బరువు, ఒక ద్రోహం, ఒక పతనం, ఏరులై పారే కన్నీళ్లు. రుమాలు తెచ్చుకో.

అబద్ధం. కన్నీళ్లు లేవు. ఉన్నదల్లా ఒక టీ, ఒక జోకు.

మా క్యాంపస్‌లో ఎవరూ కులం అడగరు. మర్యాదస్తులం. "ఎంట్రన్స్‌లో నీ ర్యాంకెంత?" అంటాం. పెద్ద అంకె చెప్తే తల ఊపుతాం. చెప్పకపోతే ఇంకా గట్టిగా ఊపుతాం. రాజేందర్ చెప్పలేదు. ముషీరాబాద్ నుంచి వచ్చేవాడు, నా క్లాస్‌మేట్, దళితుడు. వాడికి "డిస్కౌంట్" అని పేరు పెట్టింది నేనే. అతుక్కుంది. ఇలాంటి పనుల్లో నాది గొప్ప మెరిట్.

కానీ నాకు తెలుసు. కౌన్సెలింగ్ రోజు అందరినీ కలిపి ర్యాంకు వరసలోనే పిలిచారు. ఓపెన్ సీటుకి వాడు నాకంటే ముందు లోపలికి వెళ్లాడు. బయట బెంచీ మీద కూర్చుని వాడి వీపు చూశాను. ఆ వీపు సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఎమ్మెస్సీ అయ్యాక డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో కాంట్రాక్టు ఉద్యోగం ఒకటి పడింది. ఒక్కటే పోస్టు, రిజర్వేషన్ లేదు. చివరికి మిగిలింది వాడూ నేనూ. ఎంపిక చేసే ప్రొఫెసర్‌గారు మా బాబాయికి దోస్తు. తార్నాకలో మా ఇంట్లో, బాబాయి పక్కన కూర్చుని అమ్మ ఇచ్చిన టీ తాగుతూ నన్ను అడిగారు.

"ఆ రాజేందర్ ఎలాంటివాడోయ్?"

"డిస్కౌంట్‌లో వచ్చిన సరుకు సార్. గ్యారంటీ ఉండదు."

సార్ నవ్వారు. బాబాయి నవ్వాడు. ఉద్యోగం నాకొచ్చింది.

ఊరికే నోరు జారిందా? లేదు. నవ్వినవాడు ఇక నిజం వెతకడని తెలిసే, సార్ చేతిలో కప్పు ఉన్న క్షణం చూసుకునే ఆ జోకు వేశాను.

ఫలితం తెలిసిన రోజు రాజేందర్ గేటు దగ్గర ఆపాడు.

"కౌన్సెలింగ్ నాడు నువ్వు నా ఎన్క ఉంటివి కదరా?"

"గుర్తులేదురా."

"నాకున్నది." అని బస్సెక్కేశాడు.

ఇప్పుడు నువ్వు "రిజర్వేషన్ల వల్ల మెరిట్‌కి అన్యాయం" అని మొదలుపెడతావు. ఆగు. ఆ పోస్టుకి రిజర్వేషన్ లేదు కదా, మరి మెరిట్ గెలవాలిగా? బాబాయి గెలిచాడు. చట్టం లేనిచోట మా ఇంటి హాలే చట్టం. మా కోటాకి సర్టిఫికెట్ అక్కర్లేదు, దానికి ఎవడూ పేరు పెట్టడు. రాజేందర్‌కి ఆ హాల్లో కుర్చీ లేదు. అందుకే వాడికో కుర్చీ చట్టంలోనే రాసిపెట్టి ఉండాలి, నాలాంటివాడి జోకు దాన్ని లాగెయ్యలేనంత గట్టిగా. కోపమొచ్చిందా? రానీ. నువ్వూ ఏదో ఒక బాబాయి ఎదురుగా కూర్చున్నవాడివే.

వాడిని క్షమాపణ అడిగానా? లేదు. అడిగితే నన్ను ఓదార్చే పని కూడా వాడిదే అవుతుంది.

చెప్పేశాను. కాస్త తేలికైంది. చూశావా, ఈ లాభం కూడా నాకే.

ఉద్యోగం వదిలేశానా అంటావేమో. రేపు తొమ్మిదిన్నరకి ల్యాబ్‌లో వేలిముద్ర వెయ్యాలి. లేటైతే సగం రోజు సెలవు పోతుంది.