పిలుపు అందని వరస

మా వదిన వార్డు మెంబరుగా నామినేషన్ వేసిన మర్నాడు అన్నయ్య డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో కూర్చుండిపోయాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర సూపర్‌వైజరు ఆపాడట. తిట్టలేదు, బెదిరించలేదు, పైగా టీ ఇప్పించాడట. నెలాఖరుకి నీ గేటు పాసు గడువు అయిపోతోంది కదా, ఇంట్లో భాభీని ఒకసారి ఆలోచించుకోమను అని మాత్రం అన్నాడట.

కాంట్రాక్టు పనివాడికి ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో గేటు పాసే అన్నం. అది ఉంటే ఫిట్టరు, లేకపోతే రోడ్డు మీద మనిషి. పాసు రాయించేది ఠేకేదారు, అంటే లేబరు కాంట్రాక్టరు; సూపర్‌వైజరు అతని మనిషే. మా వార్డులో వదినకి ఎదురు నిలబడ్డది ఆ ఠేకేదారు బావమరిదే. అందుకని సూపర్‌వైజరు టీ మా ఇంట్లో ఎవరికీ మింగుడు పడలేదు.

మాది బాగ్‌బేరాకి ఆనుకుని జుగ్సలాయి మునిసిపాలిటీలోకి వచ్చే బస్తీ. ఎన్నికలు ఏళ్ల తరబడి ఆగి ఆగి ఇప్పటికి వచ్చాయి. వీటికి పార్టీ గుర్తులుండవు. వదినని నిలబెట్టిన మా సోషలిస్టు బృందం పార్టీ అనిపించుకునేంత పెద్దదీ కాదు. అగ్రికో కాలనీలో ఉండే రిటైరైన క్రేన్ ఆపరేటరు ఒకాయన, ఒడియా మనిషి, మాకు కార్యదర్శి. అందరం దాదా అంటాం. కుళాయిలు ఎండిపోయినప్పుడు బస్తీ ఆడవాళ్లని ఖాళీ బకెట్లతో మునిసిపల్ ఆఫీసు ముందు కూర్చోబెట్టింది వదినే కాబట్టి, నిలబడితే ఆవిడే నిలబడాలని దాదా పట్టుపట్టాడు.

నేను బిష్టుపూర్లో జిరాక్సు షాపులో పనిచేస్తాను. బడి పదో తరగతితో ఆగింది. ఆ తర్వాత చదివినదంతా షాపు కట్టేశాక లైబ్రరీలో చదివిందే. మునిసిపల్ చట్టం హిందీ ప్రతిని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివినది మా బృందంలో నేనొక్కదాన్నే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

పాసు సంగతి దాదాకి చెప్పాం. ఒంటరి మనిషి జోలికే ఠేకేదారు వస్తాడని, వెనక బస్తీ ఉందని కళ్లారా చూస్తే వెనక్కి తగ్గుతాడని అన్నాడు. ఉపసంహరణ గడువులోపల ఒక మీటింగు పెడదాం, జనం వస్తే నిలబడదాం, రాకపోతే నామినేషన్ వెనక్కి తీసుకోమని నేనే చెప్తాను, ఒక కుటుంబం కూడు పోగొట్టే హక్కు మనకి లేదు అన్నాడు. అన్నయ్య ఉద్యోగం అలా ఆ మీటింగుకి వేయబోయే కుర్చీల మీదికి వచ్చి పడింది.

కరపత్రం నేనే రాశాను, ఒకవైపు హిందీ, ఒకవైపు తెలుగు. వదిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బాగానే ఉంది గానీ, కాయితం సూసి ఎవులొత్తారే? సీమంతానికైనా, పెళ్లికైనా బొట్టెట్టి పిలిత్తేనే కదా మనోళ్లు కదిలేది."

రాజకీయాన్ని పేరంటం చెయ్యకూడదని నేను చెప్పబోయాను. వదిన అప్పటికే కుంకం భరిణె వెతుకుతోంది. చెప్పొద్దూ, పని చేసింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వలసొచ్చినవాళ్ల ఇళ్లన్నిటిలో మర్యాదగా లోపలికి పిలిచారు. బీహారు వాళ్ల ఇళ్లలోనూ కొంగు సవరించుకుని నవ్వుతూ నుదురు చూపించారు. ప్రతి గుమ్మంలోనూ వస్తామన్నారు.

రైల్వే గోడ పక్క వరస మాత్రం క్రైస్తవులది. కోస్తా నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలే. సందు మలుపులో వదిన భరిణె మూత పెట్టేసింది. వాళ్లు బొట్టు పెట్టుకోరు, ఎదురుగా నిలబడి ఇబ్బంది పెట్టడమెందుకు అంది. నాకూ సబబే అనిపించింది. ఆ వరసలో కరపత్రాలు తలుపుల సందుల్లో దోపి, వీధిలో ఆడుకుంటున్న పిల్లల చేతికి కొన్ని ఇచ్చి వచ్చేశాం. వాళ్ల మనసు నొప్పించకుండా నడుచుకున్నామనే అనుకున్నాం.

మీటింగు నాడు టార్పాలిన్ కింద ఎడమవైపు కుర్చీలు తొందరగానే నిండాయి. కుడివైపు నిండలేదు. గోడ పక్క వరసవాళ్లు వస్తారు, ప్రార్థన అయ్యాక వస్తారు అనుకుంటూ దాదా ప్రసంగాన్ని సాగదీశాడు. సూపర్‌వైజరు టీ కొట్టు దగ్గర మోటారుసైకిలు మీద కూర్చుని ఉన్నాడు. మైకు వైపు ఒక్కసారి కూడా చూడలేదు, ఖాళీ కుర్చీలనే చూశాడు. నేను వార్డు నిధుల గురించి మాట్లాడాను. ఏం మాట్లాడానో నాకే సరిగా వినబడలేదు. అన్నయ్య గుంజ వెనక నిలబడి చొక్కా గుండీ తిప్పుతూనే ఉన్నాడు.

ఇంటికొచ్చాక అన్నయ్య ఒకటే మాట అన్నాడు. "తీసెయ్. నా వల్ల కాదు."

నేను ఊరుకోలేదు. మతం శ్రామికుల్ని ఎలా విడదీస్తుందో చదివిందంతా చెప్పాను. ఠేకేదారు డబ్బు పంచి ఉంటాడని కూడా అన్నాను.

"నువ్వు సదివింది నాకు తెల్దు," అంది వదిన. "ఆల మొకం సూసి అడుగుదాం, పద."

ఆ వరసలో పెద్దదిక్కు రైల్వే బళ్లో పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ. మేం వెళ్లేసరికి వరండాలో మునగాకు దూస్తోంది. కూర్చోమనలేదు. మీటింగు బాగా జరిగిందా అని మాత్రం అడిగింది.

"మీరు రానేదు టీచరమ్మా," అంది వదిన.

"పిలవని పేరంటానికి ఎలా వస్తామమ్మా?"

"కాయితం ఇచ్చాం కదండీ," అన్నాను నేను.

"కాయితం కరెంటు బిల్లువాడూ పడేసి పోతాడు తల్లీ." ఆవిడ నా వైపు చూడనైనా లేదు. "మలుపు దాకా బొట్లు పెట్టుకుంటూ వచ్చి, మా వరస కనబడగానే మూత పెట్టేశారట కదా. పిల్లలు చూసి చెప్పారు."

"మీరు బొట్టెట్టుకోరని..." వదిన గొంతు తగ్గిపోయింది.

"పెట్టుకోం. ఇంటికొచ్చినవాళ్లని కూర్చోబెట్టడం కూడా మానేశామనుకున్నావా? లోపలికొచ్చి నోటితో పిలిస్తే అదే పిలుపు. కుళాయి మా వరసలో మాత్రం వస్తోందేటి?"

వదిన ఇంకేం అడగకుండా వరండా గుమ్మం దాటి వెళ్లి ఆవిడ చాప మీదే కూర్చుంది. దాదాకీ మాకూ తప్ప ఎవరికీ తెలియని పాసు సంగతి మొత్తం చెప్పేసింది. బస్తీలో తెలిస్తే పరువు పోతుందని అన్నయ్య చెప్పొద్దన్న విషయమది. టీచరమ్మ ఆకు దూయడం ఆపింది. ఆ వరసలో మగవాళ్లలో సగంమంది అదే ఠేకేదారు దగ్గర పని చేస్తారు.

"ఇది ముందు చెప్పాల్సింది," అంది టీచరమ్మ. "కుర్చీల్లో కూర్చుంటే ఏమొస్తుంది? రేపట్నుంచి డ్యూటీకి మీ ఆయన్ని ఒక్కణ్నీ వెళ్లనివ్వకు. మావాళ్లు కూడా వస్తారు."

ఇల్లిల్లూ తిరిగి, ప్రతి ఇంట్లోనూ కూర్చుని, వదిన ఆ వరసంతా పిలిచింది. గడువు దాటింది. నామినేషన్ వెనక్కి తీసుకోలేదు. దాదా కూడా ఇంక తీసుకోమనలేదు.

పాసు మార్చే రోజున అన్నయ్య ఆ వరస మగవాళ్లతో కలిసి సైకిళ్ల మీద వెళ్లాడు. గేటు దగ్గర సూపర్‌వైజరు అన్నయ్య ఒక్కణ్నే పక్కకి రమ్మంటే మిగిలినవాళ్లూ లోపలికి పోకుండా ఆగిపోయారట. షిఫ్టు వేళ దాటేదాకా నిలబడ్డారట. అప్పటికి మాకు ఇవేవీ తెలీవు. వెనక్కి పంపితే ఈపాటికి వచ్చెయ్యాలి కదా అని లెక్కలు వేసుకుంటూ, సందులో ప్రతి సైకిలు బెల్లుకీ ఉలిక్కిపడుతూ గడిపాం. సాయంత్రం వచ్చి కొత్త పాసు వదిన చేతిలో పెట్టాడు.

"ఎన్నాళ్లకి?" అంది వదిన.

"ఒక్క నెలకి."

ఎప్పుడూ ఏడాదికి రాసే పాసు. ఎన్నిక ఆ నెలలోపే ఉంది.

"అంటే ఆ ఠేకేదారూ సూత్తన్నాడన్నమాట, మనమెంతమందిమో," అంది వదిన.

అన్నయ్య కాళ్లు కడుక్కుని వచ్చి అన్నం తిన్నాడు.

ఇప్పుడు రోజూ పొద్దున షాపుకి వెళ్లేముందు సందు మొగలో నిలబడి, అన్నయ్య వెంట ఎవరెవరు వెళ్తున్నారో చూస్తున్నాను. మొదటి వారం గుంపుగా వెళ్లారు. రానురాను పల్చబడింది. ఇవాళ ఒక్కడే కనిపించాడు. మిగిలినవాళ్లకి మజ్జానం బి షిఫ్టు పడుంటాదిలే అంది వదిన. అన్నదే గానీ, పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుంటూ ఆ వరసకే బయల్దేరింది కనుక్కోవడానికి.