మూడో గేరు మీద చెయ్యి

మొన్న ఆదివారం మా మేనల్లుడు, అంటే మా అన్న కొడుకు, తన వర్క్‌షాపుకి రిపేరుకొచ్చిన ఒక కారు తెచ్చి నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని మా ఇంటి ముందు ఆపి, కూసో అత్తా, అట్ల ఒక రౌండు కొట్టొద్దాం అన్నాడు. మోకాళ్ల నొప్పులకి డాక్టరు దగ్గరికి వెళ్లడానికి తప్ప గడప దాటని దాన్ని, వాడి మొహం చూసి కాదనలేక ఎక్కాను. ఊరు దాటగానే వాడు ఏదో మీట నొక్కితే నెత్తి మీది కప్పు దానంతటదే మడుచుకుని వెనక్కి పోయి పడుకుంది. గాలి ఇలా మొహానికి తగిలిందో లేదో నా కుడిచెయ్యి నన్నడక్కుండానే రెండు సీట్ల మధ్యకి పోయి దేనికోసమో తడుముకోవడం మొదలుపెట్టింది. అక్కడ ఒక గుండ్రటి బిళ్ల తప్ప పట్టుకోవడానికి ఏమీ లేదు. వాడు చూసి నవ్వి, ఏం దేవులాడుతున్నవ్ అత్తా అన్నాడు. ఏం లేదు, నువ్వు ముందు చూసి నడుపు అని గదమాయించాను గానీ, నా చెయ్యి వెతికిందేమిటో చెప్పాలంటే బోడికారు కథంతా చెప్పాలి.

నాకు అప్పుడు కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చింది. బడి ఇక్కడే కంఠేశ్వర్‌లో, మా ఊరేమో బోధన్ పోయే దారిలో. బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. వచ్చినా చెరుకు కోతల కాలంలో ఫ్యాక్టరీకి పోయే ఎడ్లబండ్ల వరస వెనక చిక్కుకుని, మొదటి పీరియడ్ అయ్యాక నన్ను దింపేది. ఇంట్లో బాపుకి పసుపు, చెరుకు తప్ప మూడో లోకం తెలియదు. మా అన్నకేమో ఆ రెండూ తప్ప అన్నీ కావాలి. నిజామాబాద్‌లో ఒక లారీల వర్క్‌షాపులో కొన్నేళ్లు పనిచేసి వచ్చి, రోడ్డు పక్కనున్న మన పసుపు షెడ్డు నాకిస్తే సొంతంగా వర్క్‌షాపు పెట్టుకుంటానని బాపుని అడగడం, బాపు వినపడనట్టు ఎడ్ల దగ్గరికి లేచిపోవడం, ఇలా రెండు పంటలు గడిచాయి.

అలాంటి రోజుల్లో అన్న కంట్లో ఆ కారు పడింది. కాలువ నీళ్లొచ్చిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న రైతుల ఊళ్లను మావైపు క్యాంపులంటారు. అలాంటి ఒక క్యాంపులో ఒక పెద్దాయన కొట్టంలో, ఎప్పుడో ఎవరో పరదేశపు ఇంజనీరు వదిలేసి పోయిన రెండు సీట్ల పందెం కారు, కప్పు లేకుండా, పచ్చరంగు పాలిపోయి పడివుంది. సీట్లలో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. అన్న ఆశగా చూస్తూ దాని చుట్టూ తిరగడం చూసి ఆయన నవ్వి, "తోలుకుపో అబ్బాయ్, కోళ్లకి ఇంకో గూడు కట్టుకుంటాలే" అన్నారట. అది నడవదు కాబట్టి అన్న మా ఎడ్లనే కట్టి ఊళ్లోకి లాక్కొచ్చాడు. ఊరంతా బయటికొచ్చి చూసింది. నెత్తి మీద కప్పు లేదు కాబట్టి ఆ పూటే దానికి బోడికారని పేరు పెట్టేసింది.

బాపుకి కారు వచ్చినందుకు కాదు, తన ఎడ్లను దానికి కట్టినందుకు కోపం వచ్చింది. అన్న మాత్రం అప్పటికే ఆకాశంలో ఉన్నాడు. హైదరాబాద్ అవతల వాడకం లేని ఒక రన్‌వే మీద కార్ల పందేలు జరుగుతాయని, దీన్ని అక్కడ పరుగెత్తిస్తానని, మళ్లీ అదే కారులో చెల్లెల్ని రోజూ బడికి దింపుతానని చెప్పుకుపోతున్నాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదేనని అవ్వ, అంటే మా అమ్మ, తల కొట్టుకుంది. బాపు మాత్రం అంతా విని, కండువా దులిపి, ఒక్కటే మాట అన్నాడు. "నీ ఉరుకుడు గిరుకుడు నీ ఇష్టం. గని చెరుకు కోతలు మొదలైనకాడికెల్లి హోలీ దాంక దినాం సెల్లెను బడిల దింపాలె. ఇంట్ల పనికొస్తే షెడ్డు నీది. ఒక్కపాలి ఎడ్లను కట్టి గుంజిచ్చినవంటే మాత్రం కారు తూకానికి, నువ్వు మడికి."

మా అన్న బతుకు వర్క్‌షాపు వైపు పోతుందా, బురదమడి వైపు పోతుందా అన్నది ఆ రోజు నుంచి ఆ తుప్పు పట్టిన బోడికారు మీద ఆధారపడింది. నా ఉద్యోగం కూడా దాని మీదే ఎక్కి కూర్చుందని అప్పుడు నేను గమనించలేదు, బస్సు బాధ తప్పుతుందని సంబరపడ్డాను.

తుప్పు సంగతి ఆ క్యాంపు పెద్దాయనే చెప్పారు. ఆయనకి సొంత బెల్లం గానుగ ఉండేది. బెల్లం వండగా మిగిలే నల్లటి మడ్డిని నీళ్లలో కలిపి ఇనుప సామాన్లు అందులో వేసి కొన్నాళ్లు వదిలేస్తే తుప్పంతా వదిలిపోతుందని, అయితే ఇనుమే వెయ్యాలి, అల్యూమినియం ముక్క పొరపాటున కూడా వెయ్యకూడదని, అది కరిగిపోతుందని జాగ్రత్త చెప్పారు. అన్న ఇంటి వెనక కుడితి గోలెం కడిగి, మడ్డి కలిపి, బ్రేకు డ్రమ్ములూ ఇరుసులూ అందులో ముంచాడు. అల్యూమినియం సామానంతా వేరుగా ఒక గోనె మీద పెట్టాడు. వారం తిరిగేసరికి మడ్డి పులిసి, ఆ వాసన మా గేదెల్ని దాటి, వీధిని దాటి, ఊరి పొలిమేర దాటింది.

ఎవరు చెప్పారో, ఒక పొద్దున ఎక్సైజ్ జీపు వచ్చి మా వాకిట్లో ఆగింది. పులిసిన మడ్డి వాసనంటే వాళ్లకి గుడుంబా సారా తప్ప ఇంకేం తోస్తుంది. అన్న స్ప్రింగుల కోసం హైదరాబాద్ పోయి ఉన్నాడు, బాపు ఒక్కడే ఉన్నాడు. కారును తూకానికి వేస్తానన్న మనిషి ఆ రోజు దానికి వకీలయ్యాడు. జీపులో వచ్చిన సారు కర్రతో గోలెంలో కలిపితే ఖంగుమంది. బాపు ఏ తొణుకూ లేకుండా, "బ్రేకులు సారూ, నానేసినం" అన్నాడు, శనగలు నానేసినట్టు. సారు నల్లటి డ్రమ్మొకటి పైకి తీసి, చేత్తో తుడిచి చూసి, అది వెండిగిన్నెలా మెరుస్తుంటే మళ్లీ గోలెంలోకే జారవిడిచి, అవ్వ ఇచ్చిన చాయ్ తాగి వెళ్లిపోయాడు. మళ్లీ వారం ఆయనే తన స్కూటరు తుప్పు సామాను సంచిలో వేసుకుని వచ్చి, ఇవి కూడా మీదాంట్ల ఏస్తరా అని అడగడం మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకునే ముచ్చట.

అసలు ముచ్చట దాని వెనక జరిగింది. ఆ మెరుపు చూశాక బాపు లోపల రైతు నిద్ర లేచాడు. పసుపు కొమ్ముల్ని ఉడకబెట్టి ఎండేసి డ్రమ్ములో వేసి తిప్పితే ఎంత మురికి కొమ్మయినా బంగారంలా బయటికి వస్తుందని నమ్మి బతికిన మనిషి, డ్రమ్ములో వేసేటప్పుడు కొన్ని కొమ్ముల్ని పక్కన పెట్టే అలవాటు లేని మనిషి. గోనె మీద మురికిగా మిగిలిన సామాను చూసి, కొడుకు మరిచిపోయాడనుకుని, మంచి చేద్దామనే అదంతా గోలెంలో వేసేశాడు. అన్న తిరిగొచ్చేసరికి చిన్నాచితకా ముక్కలు సరే, గేరుబాక్సు మీద ఉండే అల్యూమినియం మూత పురుగులు తిన్న వంకాయలా అయివుంది. కొడుక్కి సాయం చేశానన్న సంతోషంతో బాపు ఎదురుగా నిలబడివుంటే, అన్న ఆ మూతని అటూ ఇటూ తిప్పి చూసి, పాతదిగదా బాపు, ఎట్లనో కానిస్తలే అని లోపలికి వచ్చేశాడు. ఆ రోజు అన్నం సరిగా తినలేదు. నాకు మాత్రం చెప్పాడు. గేరు పడ్డాక అది జారిపోకుండా ఒత్తి పట్టే గుండూ స్ప్రింగూ ఆ మూతలోనే ఉంటాయని, ఇప్పుడు వాటి గూడు వదులైపోయిందని, అలాంటి మూత ఎక్కడా దొరకదని. బాపుకి తెలియనియ్యకు సెల్లే, పానం సిన్నబుచ్చుకుంటడు అన్నాడు.

చెరుకు కోతలు మొదలయ్యే నాటికి బోడికారు నిలబడింది. బోల్తా పడితే తల పగలకుండా బోరు పైపు వంచి వెనక కమ్మీ పెట్టాడు. లారీ బెల్టులు కోసి సీటు బెల్టులు కుట్టించాడు. స్ప్రింగులు గట్టివి వేశాడు, బ్రేకులు కొత్తవి చేశాడు. కప్పు మాత్రం మేము పసుపు ఆరబెట్టే తాడిపత్రితో, అదే టార్పాలిన్‌తో, దర్జీ చేత కుట్టించాడు, అందుకని వాన పడిందంటే దాంట్లోంచి పచ్చని నీళ్లు కారి నా తెల్లచీరల్ని పెళ్లికూతురి చీరలు చేసేవి. మిగతా గేర్లు ఎట్లాగో నిలబడ్డాయి గానీ, మూడోది మాత్రం పడగానే జారిపోయేది. అన్న "సెల్లె, పట్టు" అనేవాడు, నేను కుడిచేత్తో గేరు కర్రని ముందుకి ఒత్తి పట్టుకునేదాన్ని, మలుపు రాగానే వదిలేదాన్ని. ఎడమచేతిలో టిఫిను డబ్బా, ఒళ్లో పిల్లల పరీక్ష పేపర్లు, నెత్తికి గట్టిగా చుట్టిన కొంగు, ఇదీ నా వేషం. మా బడి హెడ్మాస్టరు నన్ను చూసి, కారుకి డ్రైవర్లు ఇద్దరా అని అడిగారు, అబద్ధమేముంది.

ఆ ప్రయాణాల్లో ఉన్న సుఖం మళ్లీ ఏ బండిలోనూ దొరకలేదు. చెరుకు బండ్ల పక్కనుంచి పోతుంటే, వాన లేనప్పుడు కప్పు మడిచే ఉండేది కాబట్టి, చెయ్యి చాపితే గడ అందేది, బండి తోలేవాళ్లు కూడా తిట్టినట్టు తిట్టి మంచి గడే చూపించేవాళ్లు. బాపు మాత్రం ఒక్కరోజు కూడా ఆ కారు ఎక్కలేదు. రోజూ పొద్దున వాకిట్లో పళ్లు తోముకుంటూ, మేము కదిలి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడేవాడు, ఎడ్లను ఎప్పుడు కట్టాలా అని చూస్తున్నాడనుకుని నాకు ఒళ్లు మండేది.

హోలీకి కొంచెం ముందు ఆ పందెం వచ్చింది, ఒక ఆదివారం. మేమిద్దరం శనివారమే ఆ కారులోనే పోయాం. అక్కడ మిగతా కార్లన్నీ లారీల మీద ఎక్కి, బొంత కప్పుకుని వచ్చాయి, మాదొక్కటే రోడ్డు మీద నడిచి, వెనక అవ్వ కట్టిచ్చిన సకినాల డబ్బాతో వచ్చింది. పందెంలో ఒక్కడే కూర్చోవాలి, మరి గేరు పట్టేదెవరు? అన్న పాత సైకిల్ ట్యూబు చీల్చి గేరు కర్రకి కట్టి ముందుకి లాగి బిగించాడు. సగం పరుగులో ఆ ట్యూబు తెగింది. తర్వాత ఎడమ మోకాలితో ఒత్తి పట్టి, మోకాలి చర్మం లేచిపోయినా చివరిదాకా నడిపాడు. మొదటి వరసలో రాలేదు, ఆఖరున కూడా రాలేదు. గుడ్డికన్నా మెల్ల మేలు అన్నాను, వాడు పగలబడి నవ్వాడు. నాకప్పుడు వాడు గెలవలేదన్న దిగులు లేదు, రేపు సోమవారం, కారు చెడకుండా ఇల్లు చేరాలి దేవుడా అన్న భయం తప్ప. పందెం కోసం తీసేసిన బంపర్లు మళ్లీ బిగించి, నా చెయ్యి మళ్లీ గేరు మీద పెట్టి, దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరాం.

సోమవారం పొద్దున నేను టిఫిను డబ్బాతో బయటికి వచ్చేసరికి నా సీట్లో బాపు కూర్చుని ఉన్నాడు. ఉతికిన ధోవతి, నెత్తికి రుమాలు. పసుపు మార్కెట్లో పని ఉందన్నాడు. ఉన్నవి రెండు సీట్లు, నేను సీట్ల వెనక మడిచిన తాడిపత్రి మీద పసుపు బస్తాలా కూలబడ్డాను. అన్న మొహం పాలిపోయింది. గేరు ఇప్పుడు ఎవరు పడతారు, పట్టమని బాపుని ఎట్లా అడుగుతాడు, అడిగితే ఎందుకని చెబుతాడు? ఊరు దాటేదాకా రెండో గేరులోనే, ఇంజను మొత్తుకుంటున్నా పోనిచ్చాడు. చెరుకు బండ్లు దాటాక రోడ్డు ఖాళీ అయింది, ఇక తప్పక మూడోది వేశాడు. అప్పుడు నేను వెనకనుంచి చూస్తుండగా, ఎంత కడిగినా పసుపు పోని బాపు కుడిచెయ్యి లేచి, సరిగ్గా నేను పట్టుకునే చోట గేరు కర్రని పట్టుకుని ముందుకి ఒత్తింది.

"నేనే ఏసిన గద ఆ మూత గోలెంల" అన్నాడు బాపు, రోడ్డు వైపే చూస్తూ. "దినాం సూస్తున్న, సెల్లె చెయ్యి. తోలు నువ్వు, నేను పట్టిన."

కారు కొంచెం నెమ్మదైంది, అన్న కళ్లు తడిశాయని నాకు అద్దంలో కనిపించింది. పొద్దున్నే వాకిట్లో నిలబడి బాపు చూసింది ఎడ్ల కోసం కాదని తెలిసి, ఇన్నాళ్లూ ఆయన్ని మనసులో తిట్టుకున్నందుకు నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది. కంఠేశ్వర్‌లో నన్ను దింపేటప్పుడు, బడి గేటు ముందు, మార్కెట్ నుంచి వచ్చేటప్పుడు షెడ్డు తాళంచెవి ఇస్తానని బాపు మామూలుగా చెప్పాడు. హోలీ ఇంకా రానేలేదు.

ఆ షెడ్డే ఇప్పుడు మా మేనల్లుడి వర్క్‌షాపు. చెరుకు బండ్ల వరసలు లేవు, ఆ రోడ్డు మీద చెయ్యి చాపితే అందేది గాలి ఒక్కటే. కార్లు తమను తామే చూసుకునేంత తెలివైనవయ్యాయి, మనం అందులో కూర్చుంటే చాలు, మన చెయ్యి వాటికి అక్కర్లేదు. సుఖమే, కాదనను. కానీ ఒక మనిషి నడుపుతుంటే ఇంకో మనిషి పట్టుకుని ఉండాల్సి వచ్చిన బండిలో పోయినదాన్ని, నాకు ఆ సుఖంలో ఏదో చప్పగా ఉంటుంది.

బోడికారు ఇంకా ఉంది, అన్న ఇంకా నడుపుతాడు. ఆ సోమవారం తర్వాత కొన్నేళ్లకే హైదరాబాద్ పాత సామాన్ల బజారులో అలాంటి మూతే, చెక్కుచెదరనిది, అన్నకి దొరికింది. దాన్ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు, బాపు ఉన్నన్నాళ్లూ బిగించలేదు. ఎక్కినప్పుడల్లా బాపు గేరు పట్టుకుంటానని చెయ్యి చాపేవాడు మరి. బాపు పోయాక బిగించాడు, ఇప్పుడు మూడో గేరు జారదు. అయినా నేను పక్కన కూర్చున్నప్పుడు అది పడగానే నా చెయ్యి పోయి దాని మీద పడుతుంది, తియ్యమని అన్న ఒక్కసారి కూడా అనలేదు.