సిరొంచ రిజిస్టర్ మీద వచ్చిన చీటీ

దెయ్యాలు, ఆత్మలు అంటే మా ఇంట్లో అందరూ నమ్ముతారు, నేను తప్ప. ఇరవై ఎనిమిదేళ్లుగా కంప్యూటర్లతోనే నా బతుకు. ఏదైనా తప్పు జరిగితే దానికో లాగ్ ఉంటుంది. ఓపికపట్టి వెతికితే ఎవరు ఏ టైముకు ఏం చేశారో అందులో దొరుకుతుంది. ఇన్నేళ్లలో నాకు దొరకనిది ఒక్కటే. అది రాద్దామని చాలాసార్లు కూర్చుని లేచాను. చదివినవాళ్లు నాకు మతి చలించిందనుకున్నా సరే, ఈసారి రాస్తున్నాను.

ముందు నా పనేంటో చెప్పాలి. మనం ఇళ్లల్లో వాడే కంప్యూటర్లకూ, పెద్ద బ్యాంకుల్లో గదులకు గదులు ఆక్రమించే వాటికీ మధ్యలో ఒక రకం ఉంటాయి. మిడ్‌రేంజ్ అంటారు. నల్లటి స్క్రీన్, పచ్చటి అక్షరాలు. ఫ్యాక్టరీలు, గోడౌన్లు ఏళ్ల తరబడి వీటి మీదే నడిచాయి. ఒకసారి పెడితే పదిహేనేళ్లు దాని జోలికి పోయే పనుండదు. అందుకే అవి తెలిసినవాళ్లు తగ్గిపోయారు. మిగిలినవాళ్లలో నేనొకదాన్ని. పిలిచిన చోటికి వెళ్లి పాత మెషిన్లలోని సమాచారాన్ని కొత్త సిస్టంలోకి మారుస్తాను. ఏడాదికి నాలుగైదు సదస్సుల్లో మాట్లాడతాను. బ్రోషర్లో నా ఫొటో కింద ‘ఎక్స్‌పర్ట్ స్పీకర్’ అని వేస్తారు. ఆ ఫొటో పన్నెండేళ్ల కిందటిది. మార్చమని అడిగే ఓపిక కూడా లేదు నాకు.

ఈ పని నాకు నేర్పింది దామోదర్ సార్. ప్రాణహిత అవతల, మహారాష్ట్రలో ఉన్న సిరొంచలో బట్టల దుకాణం ఉన్న కుటుంబం వాళ్లది. ఆయన మాత్రం హైదరాబాదులో ఉద్యోగం చేసేవారు. నన్ను పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు, ‘బిడ్డా’ అనేవారు. సున్నా రాస్తే మధ్యలో అడ్డంగా ఒక గీత కొట్టాలని, లేకపోతే ఇంగ్లీషు ‘ఓ’ అనుకుంటారని మొదటిరోజే చెప్పారు. ఇప్పటికీ పాలవాడి క్యాలెండర్ మీద కూడా నేను సున్నాకు గీత కొడతాను.

సిరొంచలో ఒక ధర్మాసుపత్రి ఉంది. ఎవరో దానంగా ఇచ్చిన పాత మిడ్‌రేంజ్ మెషిన్ మీద సార్ వాళ్లకు రోగుల రిజిస్టర్ తయారుచేసి ఇచ్చారు. ఆ చుట్టుపక్కల సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఎక్కువ. నెలకో రెండు నెలలకో రక్తం ఎక్కించుకోవాల్సిన వాళ్లు వందల్లో ఉంటారు. సెలవు దొరికితే చాలు, సార్ వెళ్లి ఆ మెషిన్ ముందు కూర్చునేవారు. నేను చెప్పబోయే సంగతికి రెండేళ్ల ముందు గుండెపోటుతో పోయారు.

ఆ రిజిస్టర్‌ని కొత్త సిస్టంలోకి మార్చమని ఆసుపత్రివాళ్లు నన్ను అడిగారు. సార్ మీది గౌరవంతో ఒప్పుకున్నాను. కానీ నిజం చెప్పాలంటే ఆ నెలలో నా చేతిలో ఇంకో రెండు పెద్ద పనులున్నాయి. ఇంట్లోంచే లైన్ కలుపుకుని, ఒక ఆదివారం మధ్యాహ్నం కునికిపాట్లు పడుతూ పూర్తిచేశాను. రెండు వైపులా రికార్డుల సంఖ్య సరిపోయింది. పాత మెషిన్ ఆపేసి స్టోర్ రూములో పెట్టమన్నాను. తర్వాత తుక్కుకి అమ్మేద్దాం అనుకున్నారు.

ఆరు వారాల తర్వాత ఒక శనివారం హైదరాబాదులో సదస్సు. భోజనాల తర్వాత నా వంతు. నలభై మంది ఉంటారు, సగం నిద్రలో ఉన్నారు. నేనూ సగం నిద్రలోనే ఉన్నాను. ‘పాత డేటా మార్చేటప్పుడు మరిచిపోయేవి’ అన్నది విషయం. అందులో ఎప్పుడూ చెప్పే ముక్క ఒకటుంది. ఈ మెషిన్లలో ఒక ఫైలు లోపల విడివిడి భాగాలు పెట్టుకోవచ్చు, ఒక్కోదాన్ని మెంబర్ అంటాం. కాపీ చేసేటప్పుడు ఏ మెంబర్ కావాలో చెప్పకపోతే మెషిన్ మొదటిదాన్ని మాత్రం తీసుకుని, పని పూర్తయిందంటుంది. తప్పని ఎక్కడా చెప్పదు. సంఖ్య చూసినా మొదటిదాని సంఖ్యే చూపిస్తుంది. కొత్తవాళ్లు చేసే పొరపాట్లలో ఇది మొదటిదని చెప్పి నవ్విస్తాను. ఆరోజు కూడా నవ్వించాను.

మా సదస్సుల్లో ప్రశ్నలు చీటీల మీద రాసి ఇస్తారు. కుర్రాళ్లు సీనియర్ల ముందు లేచి అడగడానికి మొహమాటపడతారని దామోదర్ సారే పెట్టిన పద్ధతి. ఒక చిన్న బుట్టలో చీటీలన్నీ వేసి తెచ్చి నా ముందు పెట్టారు. మూడున్నర కావస్తోంది. ఒక్కొక్కటే తీసి పైకి చదివి జవాబు చెబుతున్నాను. అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఐదోదో ఆరోదో తెలుగులో ఉంది. ఏం ఉందో చూసుకోకుండానే పైకి చదివేశాను.

“బిడ్డా, సిరొంచ రిజిస్టర్ల రెండో మెంబర్ తీసినవా? 2407 అండ్ల ఉన్నది.”

హాలంతా నవ్వింది. ఎవరు రాశారని అడిగాను. ఎవరూ చెయ్యెత్తలేదు. ఎవరో సార్‌ని ఎరిగినవాళ్లు నాతో ఆటలాడుతున్నారనుకుని ఒళ్లు మండింది. ఆ చీటీని పర్సులో పెట్టుకుని తర్వాతిది చదివాను.

నిర్వాహకులు ఇచ్చిన తెల్ల కాగితమే అది, మిగతావాటిలాగే. సున్నా మధ్యలో గీత ఉంది. ఆ చేతిరాత నాదిలా ఉంది. నాకు పని నేర్పిన దామోదర్ సార్‌ది కూడా అలాగే ఉండేది. ఆ మధ్యాహ్నం నేను పెన్ను పట్టుకున్న గుర్తు లేదు.

కాఫీకి వదిలినప్పుడు వరండాలో కూర్చుని, లాప్‌టాప్ తెరిచి ఆ ఆదివారం నాటి లాగ్ తీశాను. కాపీ చేయమన్న లైన్ కనిపించింది. మెంబర్ పేరు ఉండాల్సిన చోట ఖాళీ. ఇరవై నిమిషాల కింద అందరినీ నవ్వించిన తప్పును నేనే చేశాను.

సిరొంచకు ఫోన్ చేశాను. అక్కడి ల్యాబ్ చూసేది ఖలీల్ భాయ్. పాతికేళ్లుగా అక్కడే ఉన్నాడు. 2407 ఎవరని అడిగాను.

“బామ్ని ఊరి పోచక్క నంబర్ మేడం అది. గీ పొద్దు పన్నెండున్నరకే తీస్కచ్చి ఏసిండ్రు. మీకెట్ల తెలిసింది?”

ఆమెకి రక్తం మరునాడు గడ్చిరోలి నుంచి వస్తుందన్నాడు. నేను వదిలేసిన మెంబర్లో ఆమె గురించి ఏదో ఉంది, అది చూసేదాకా ఎక్కించొద్దని, నేనే వస్తున్నానని చెప్పాను.

“మేడం, ఆమెకు హిమోగ్లోబిన్ నాలుగున్నది. ఎంతసేపని ఆపుతం? డాక్టర్ సాబ్‌కు ఏం చెప్పాలె నేను, హైదరాబాద్ల చీటీ వచ్చిందని చెప్పాలెనా?”

కొత్త సిస్టంలో నా తప్పుంది, ఆ మాట నేను చెప్పానని చెప్పమన్నాను. పాత మెషిన్ ఇంకా ఉందా అంటే, సోమవారం చంద్రాపూర్ నుంచి తుక్కు బండి వస్తుందన్నాడు.

ఆదివారం తెల్లవారగానే కారులో బయలుదేరాను. మంచిర్యాల, చెన్నూరు మీదుగా ప్రాణహిత వంతెన దాటి సిరొంచ చేరేసరికి పన్నెండు దాటింది. ఖలీల్ భాయ్ మెషిన్‌ని అప్పటికే స్టోర్ రూములోంచి తెప్పించి, తుడిచి పెట్టాడు. డాక్టర్ మరాఠీలో నాలుగు గంటల వరకు ఆగుతానన్నారు. ఆ తర్వాత ఆగడం కూడా ప్రమాదమేనన్నారు. ఆయన నన్ను కోపంగా కూడా చూడలేదు, బాగా అలసిపోయి ఉన్నారు.

వార్డులో పోచక్క మంచం తలవైపు ఎత్తి పెట్టారు. ముప్పై అయిదేళ్లుంటాయి. ఆక్సిజన్ గొట్టం పక్కకు జరిపి, “ఇగ ఎక్కియ్యిండ్రి అక్కా, ఊపిరాడ్తలేదు. దేనికాపుతున్నరు?” అంది. నేను మెషిన్ గదిలోకి వెళ్లిపోయాను.

ఆరు వారాలు ఆగి ఉన్న పాత మెషిన్. మీట నొక్కితే ముందు ప్యానెల్ మీద అంకెలు మారుతూ వెళ్లాయి. ఒక అంకె దగ్గర ఆగిపోయాయి. నలభై నిమిషాలు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆపి మళ్లీ మొదలుపెట్టాను. ఖలీల్ భాయ్ గుమ్మంలో నిలబడి పెదాలు కదుపుతూ దువా చేస్తున్నాడు. మూడుంబావుకి పచ్చటి అక్షరాలు వచ్చాయి.

ఫైల్లో రెండో మెంబర్ ఉంది. సార్ దానికి ‘జాగ్రత్త’ అని పేరు పెట్టారు. రోజూ పేర్లు రాసేవాళ్లు పొరపాటున చెరపకుండా విడిగా పెట్టినట్టున్నారు. నూట ముప్పై చిల్లర మంది ఉన్నారు అందులో. మాటిమాటికీ రక్తం ఎక్కించుకునేవాళ్లలో కొందరి ఒంట్లో, ఫలానా రకం రక్తం పడకుండా యాంటీబాడీలు తయారవుతాయి. ఏళ్లు గడిస్తే అవి పరీక్షల్లో కనిపించవు. కానీ ఆ రకం రక్తం మళ్లీ ఎక్కితే వారం పది రోజుల్లో లేచి, ఎక్కించిన రక్తాన్నంతా విరగ్గొట్టేస్తాయి. అందుకే పాత రికార్డు ఒక్కటే దిక్కు.

2407 దగ్గర, తొమ్మిదేళ్ల కిందట పోచక్కకు అలాంటిదే దొరికిందని, ఫలానా రకం అసలు ఇవ్వకూడదని ఉంది. ఖలీల్ భాయ్ గడ్చిరోలికి ఫోన్ చేసి అడిగాడు. వచ్చిన రెండు సంచులూ ఆ రకమే. వాటిని పక్కన పెట్టి, సరిపడే రక్తం కోసం చంద్రాపూర్‌కి మనిషిని పంపారు. రాత్రంతా ఆక్సిజన్ మీదే ఉంచి కాచుకున్నారు, రక్తం తెల్లారి వచ్చింది. పోచక్క బతికింది.

ఖలీల్ భాయ్ తల పట్టుకుని కూర్చున్నాడు. “పాతదాంట్ల కొందరి పేర్ల కింద జాగ్రత్తని ఎర్రగ ఒక లైన్ వస్తుండె మేడం. కొత్తదాంట్ల వేరే పేజీల వస్తదేమో అనుకున్న. అడుగుదామనుకున్న, మీరు పెద్దోళ్లు గదా, చూసే ఉంటరనుకున్న.”

ఆ చీటీ గురించి చాలా ఆలోచించాను. సదస్సు వీడియో చూశాను. నేను చదవడం, జనం నవ్వడం స్పష్టంగా ఉంది. చీటీలు పోగుచేసినామె, ఎవరు ఏమిచ్చారో చూడలేదంది. సార్‌ని ఎరిగినవాళ్లు రెండో మెంబర్ సంగతి తెలిసి రాసి ఉండొచ్చు. లేదా ఆ ఆదివారం స్క్రీన్ మీద రెండు మెంబర్లు నా కంట్లో పడి, మనసులో ఎక్కడో ఉండిపోయి, నిద్రమత్తులో నేనే రాసుకుని ఉండొచ్చు. ఇంతవరకు ఒప్పుకుంటాను. మూడు వేల చిల్లర నంబర్లలో, మూడు గంటల ముందు ఆసుపత్రిలో చేరిన మనిషి నంబరే ఎలా వచ్చిందన్నది మాత్రం నాకు తెలియదు. రెండో మెంబర్ తెరిచి అందులో ఎవరెవరున్నారో చూసినవాళ్లు అప్పటికి బతికున్నవాళ్లలో ఎవరూ లేరు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది.

సోమవారం నేనూ ఖలీల్ భాయ్ కూర్చుని, ఆ నూట ముప్పై చిల్లర మందిలో ఈ ఆరు వారాల్లో ఎవరెవరికి రక్తం ఎక్కించారో చూశాం. ఇద్దరు. ఒకామెకు ఏమీ కాలేదు. రెండో మనిషి అంకిస ఊరి సమ్మయ్య, గోదావరిలో చేపలు పట్టేవాడు. రక్తం ఎక్కించిన తొమ్మిదో రోజు కళ్లు పచ్చబడ్డాయి. చంద్రాపూర్ తీసుకెళ్తుంటే చామోర్షి దాటాక దారిలోనే పోయాడు. కాగితాల్లో పాత జబ్బు అనే రాసి ఉంది.

తప్పు నాదని ఆసుపత్రికి రాసిచ్చాను. ఖాయంగా చెప్పలేమన్నారు. అంకిస వెళ్లి సమ్మయ్య భార్యకు చెప్పాను. మెంబరు, ఫైలు అంటూ ఏదో చెప్పబోయాను. ఆమె కాసేపు విని, “మంచిగ చూస్తే బతుకుతుండెనా?” అని అడిగింది. బతికేవాడని చెప్పాను. ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది. నేను వాకిట్లో కాసేపు నిలబడి వచ్చేశాను.

సమ్మయ్యకు రక్తం ఎక్కించింది ఒక మంగళవారం. దానికి ముందు శనివారం నేను పుణెలో ఉన్నాను. అదే ఉపన్యాసం, అదే పద్ధతి, బుట్టలో చీటీలు. రైలుకు టైమవుతోందని మూడు చదివి, మిగతావి అక్కడే వదిలేసి వచ్చాను. తర్వాత నిర్వాహకులను అడిగాను. హాలు ఊడ్చేటప్పుడు పారేసి ఉంటారన్నారు.

ఇప్పుడు ప్రతి సదస్సులోనూ చివరి చీటీ దాకా చదువుతాను. నిర్వాహకులు విసుక్కుంటారు, జనం లేచి వెళ్లిపోతుంటారు. ఆరోజు లాంటిది మళ్లీ రాలేదు. దాన్ని ఎవరు రాశారో నాకు ఈరోజుకీ తెలియదు. పుణె బుట్టలో ఇంకా ఎన్ని మిగిలాయో కూడా నేను చూడలేదు.